"తీసింది నేను కాదు" అని చెబితే చాలదు, రాసివ్వాలి

(పెన్షనర్ల నెలవారీ సమావేశంలో ఒక విశ్రాంత బ్యాంకు అధికారి చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంటే చెప్పండి, గట్టిగా మాట్లాడతాను.

నేను 31 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. చివరి ఆరేళ్లు జోనల్ ఆఫీసులో కార్డుల మీద వచ్చే ఫిర్యాదులు చూశాను. అక్కడ రోజూ కనిపించిన దృశ్యం ఒకటి చెబుతాను. కార్డు ద్వారా డబ్బు పోయినవాళ్లు లోపలికి వచ్చేటప్పుడే తప్పు చేసినవాళ్లలా తల వంచుకుని వచ్చేవాళ్లు. "బాబూ, కాస్త మాది కూడా చూడండి, మీకు పుణ్యముంటుంది" అనేవాళ్లు. పెద్దవాళ్లు, నలభై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పిన మాస్టార్లు కూడా అలాగే అనేవాళ్లు. నాకు మనసు చివుక్కుమనేది. పుణ్యం కోసం చేసే పని కాదండీ అది. మీ డబ్బు మీకు తెలియకుండా పోతే లెక్క చెప్పాల్సింది బ్యాంకు. ఈ ఒక్క మాట మీ మనసులో నాటుకోవాలని ఇవాళ వచ్చాను.

ముందు మా పెద్దక్క సంగతి చెబుతాను. ఆవిడ తణుకులో ఉంటుంది. మా బావగారి ఫ్యామిలీ పెన్షన్ ఆవిడ ఖాతాలోనే పడుతుంది. అది నేను పనిచేసిన బ్యాంకు కాదు, వేరేది. పేరుతో మనకి పనిలేదు. 2018 ఆగస్టు 10, శుక్రవారం తెల్లవారుజామున పాలు పొయ్యి మీద పెట్టి, ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ తీసి చూసుకుందట. నాలుగు మెసేజ్‌లు. గురువారం రాత్రి 11:54కి పదివేలు, 11:56కి పదివేలు. అర్ధరాత్రి దాటాక 12:03కి పదివేలు, 12:05కి పదివేలు. మొత్తం నలభై వేలు, ఢిల్లీ వైపు ఎక్కడో ఒక ఏటీఎంలో. కార్డు చూస్తే బీరువాలో, ఆవిడ పర్సులోనే ఉంది.

ఆ టైములు ఒకసారి గమనించండి. ఆ కార్డుకి రోజుకి ఇరవై వేలు పరిమితి. పన్నెండుకి ముందు ఇరవై, పన్నెండు దాటగానే ఇంకో ఇరవై. తారీఖు మారగానే పరిమితి మళ్లీ మొదటికొస్తుందని ఆ దొంగకి తెలుసు. మనం గాఢనిద్రలో ఉండే వేళ కూడా అదే. నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో ఈ పద్ధతి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మీ స్టేట్‌మెంట్‌లో ఇలాంటి టైములు కనిపిస్తే ఫిర్యాదులో వాటిని విడివిడిగా రాయండి. అర్ధరాత్రికి అటూ ఇటూ పది నిమిషాల్లో నాలుగుసార్లు డబ్బు తీసే అలవాటు ఏ పెన్షనరుకూ ఉండదు. మీ తరఫున ఆ టైములే మాట్లాడతాయి.

అక్క చేసిన మంచి పని ఏమిటంటే, ఏడుస్తూ కూర్చోకుండా 5:40కి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించింది. వాళ్లు చెప్పిన ఫిర్యాదు నంబరు క్యాలెండర్ మీద రాసుకుంది. తర్వాత పదిన్నరకి బ్రాంచికి వెళ్లింది. అక్కడ కౌంటర్‌లో ఉన్నాయన "పిన్ ఎవరికో చెప్పి ఉంటారమ్మా, గుర్తు చేసుకోండి" అన్నాడు. తెల్లకాగితం ఇచ్చి రాయమన్నాడు. ఈవిడ కంగారులో రాసిచ్చి వచ్చేసింది. జిరాక్స్ లేదు, స్టాంపు లేదు. సాయంత్రం ఫోన్‌లో చెబితే నాకు గుండె జారిపోయింది. శని, ఆదివారాలు ఎలాగూ బ్యాంకు లేదు, అది రెండో శనివారం. సోమవారం మళ్లీ పంపించాను. ఈసారి రెండు ప్రతులు తీసుకెళ్లమన్నాను. ఒకటి వాళ్లకి, రెండోదాని మీద ఇన్‌వర్డ్ స్టాంపు, అంటే కాగితం అందిందని బ్యాంకు వేసే ముద్ర, తారీఖు, సంతకం. తర్వాత తేలిందేమిటంటే శుక్రవారం రాసిచ్చిన కాగితం బ్రాంచిలో ఎక్కడా లేదు. సోమవారం స్టాంపు, తెల్లవారుజామున ఫోన్‌లో ఇచ్చిన ఫిర్యాదు నంబరు, ఈ రెండే ఆవిడని కాపాడాయి.

ఆ ఉత్తరంలో ఏం రాయించానో చదువుతాను. నా దగ్గర ప్రతి ఉంది. "ఆగస్టు 9 రాత్రి 11:54, 11:56కి, ఆగస్టు 10 రాత్రి 12:03, 12:05కి ఒక్కొక్కటి పదివేల చొప్పున నా ఖాతా నుంచి సొమ్ము తీసినట్టు మెసేజ్‌లు వచ్చాయి. వీటిని నేను చేయలేదు. నా తరఫున ఎవరూ చేయలేదు. ఆ సమయంలో నేను తణుకులో మా ఇంట్లో ఉన్నాను. కార్డు నా దగ్గరే ఉంది. ఇప్పుడు మీకు చూపిస్తున్నాను. పిన్ ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాసిపెట్టలేదు. ఆగస్టు 10 ఉదయం 5:40కి కార్డు బ్లాక్ చేయించాను. 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రకారం నా సొమ్ము జమ చేయవలసిందిగా కోరుతున్నాను." అంతే. కష్టసుఖాలు లేవు, బావగారి పెన్షన్ అన్న ప్రస్తావన కూడా లేదు. కార్డు చూపించినట్టు ఆఫీసరు చేత ఆ కాగితం మీదే ఒక ముక్క రాయించుకుంది. కార్డు తణుకులో ఉంటే ఢిల్లీలో డబ్బు ఎలా వచ్చిందో తేల్చాల్సింది ఇక వాళ్లే.

ఇప్పుడు ఆ సర్క్యులర్ సంగతి. ఖాతాదారు చేయని లావాదేవీల్లో పోయిన డబ్బు ఎవరు భరించాలో చెప్పే ఆదేశం అది. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు దాన్ని ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో సహకార బ్యాంకులకీ అలాంటిదే ఇచ్చింది. మీ ఖాతా ఊళ్లో కోఆపరేటివ్ బ్యాంకులో ఉన్నా "మాకు వర్తించదు" అంటే నమ్మకండి. అంతకు ముందు ఏడాది, 2016లో, ఏటీఎంలు నడిపే ఒక సంస్థ వ్యవస్థలోకి మాల్‌వేర్, అంటే సమాచారం దొంగిలించే ప్రోగ్రాం, చొరబడి దేశం మొత్తం మీద దాదాపు 32 లక్షల డెబిట్ కార్డుల సమాచారం ప్రమాదంలో పడింది. ఎన్నో బ్యాంకులు కార్డులు బ్లాక్ చేసి కొత్తవి ఇచ్చాయి. అందులో ఖాతాదారు చేసిన తప్పేముంది? ఆయన మామూలుగా ఏటీఎంకి వెళ్లి వచ్చాడు, అంతే.

ఆ సర్క్యులర్‌లో నాకు ప్రాణంతో సమానమైన వాక్యం ఒకటుంది. ఖాతాదారుది బాధ్యత అని నిరూపించాల్సిన భారం బ్యాంకు మీదే ఉంటుంది. మీరు పిన్ చెప్పలేదని మీరు నిరూపించక్కర్లేదు. చెప్పారని వాళ్లు నిరూపించాలి. ఎన్నో బ్రాంచిల్లో ఇది తలకిందులుగా నడుస్తుంటుంది. అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఇక రోజుల లెక్క. తప్పు బ్యాంకుదైతే మీరు ఎప్పుడు చెప్పినా నష్టం మొత్తం బ్యాంకుదే. తప్పు బ్యాంకుదీ కాదు, మీదీ కాదు, మధ్యలో ఇంకెక్కడో జరిగింది అనుకుందాం. అప్పుడు మెసేజ్ వచ్చిన రోజు వదిలేసి మూడు పనిదినాల్లోపు మీరు చెబితే మీకు పైసా నష్టం లేదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకి ఒక్కో లావాదేవీకి పదివేల వరకు మీరు భరించాలి. జీరో బ్యాలెన్స్ బేసిక్ ఖాతా అయితే ఐదువేలు. ఒక్కో లావాదేవీకి అన్నది గుర్తుంచుకోండి. మా అక్క ఆ నాలుగు మెసేజ్‌లు చూసి కూడా వారం ఊరుకుని ఉంటే నాలుగు పదులు నలభై, మొత్తం ఆవిడదే అయ్యేది. ఏడు దాటితే ఆ బ్యాంకు బోర్డు ఏ విధానం పెట్టుకుందో దాని ప్రకారం. పనిదినాలు అంటే మీ ఖాతా ఉన్న బ్రాంచి పనిదినాలు. అక్కకి గురువారం వచ్చిన మెసేజ్‌లకి శుక్రవారం ఒకటి, సోమవారం రెండు, మంగళవారం మూడు. బుధవారం ఆగస్టు పదిహేను. ఈ లెక్క ఉంది కదా అని ఆగకండి. లెక్క వాదనకి పనికొస్తుంది. ఫోన్ మాత్రం చూసిన నిమిషంలోనే చేయాలి.

మీరు చెప్పిన పది పనిదినాల్లోపు బ్యాంకు ఆ సొమ్ము మీ ఖాతాలో జమ చేయాలి. షాడో క్రెడిట్ అంటారు. ఇన్సూరెన్స్ వాళ్లు ఇవ్వాలి, హెడ్డాఫీసు నుంచి రావాలి అని ఆపకూడదు. విచారణ తేలేదాకా దాన్ని వాడుకోనివ్వకపోవచ్చు, కానీ జమ కనిపించాలి. మొత్తం వ్యవహారం 90 రోజుల్లో తేల్చాలి. ఈ నియమాలకి మార్పులు వస్తుంటాయి. కాబట్టి మీరు వెళ్లే రోజుకి రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో తాజా కాపీ మీ మనవడి చేతో మనవరాలి చేతో ప్రింటు తీయించుకుని వెళ్లండి. చేతిలో కాగితం ఉంటే కౌంటర్ అవతల మాట తీరు మారుతుంది. ఆ కౌంటర్ వెనక కూర్చున్న మనిషిగా చెబుతున్నాను.

అక్కకి మూడు వారాలకి జవాబు వచ్చింది. రెండు లైన్లు. "లావాదేవీలు సరైన పిన్‌తో విజయవంతంగా జరిగాయి. కావున మీ అభ్యర్థనను అంగీకరించలేము." ఈ జవాబు మీలో చాలామందికి వస్తుంది. ఇక్కడే తొంభై శాతం మంది వదిలేస్తారని నా అనుభవం. దయచేసి ఇక్కడ వదలకండి. పిన్ సరిపోయిందంటే పిన్ సరిపోయిందని మాత్రమే అర్థం. దాన్ని కొట్టింది మీరే అని కాదు. కార్డు వెనక నల్ల పట్టీ ఉంటుంది కదా, అప్పట్లో ఏటీఎంలో కార్డు పెట్టే మూతి దగ్గర దొంగలు చిన్న పరికరం అతికించి ఆ పట్టీలో ఉన్నదంతా కాపీ చేసేవాళ్లు. పైన ఒక చిన్న కెమెరాతో పిన్ చూసేవాళ్లు. తెల్ల ప్లాస్టిక్ కార్డు మీద ఆ సమాచారం ఎక్కిస్తే కొత్త కార్డు తయారు. యంత్రానికి తేడా తెలియదు.

అందుకే రెండో ఉత్తరంలో నాలుగు సంగతులు అడిగించాను. ఆ ఏటీఎం టెర్మినల్ నంబరు, అడ్రసు ఏమిటి? ఆ నాలుగు సమయాల్లో సీసీటీవీలో కనిపించిన మనిషి ఎవరు? ఏటీఎం జేపీ లాగ్ కాపీ ఇవ్వండి. జేపీ లాగ్ అంటే యంత్రం లోపల ఎప్పుడు ఏం జరిగిందో వరసగా రాసుకునే చిట్టా. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. యంత్రం చదివింది కార్డు ముందువైపు ఉండే చిన్న లోహపు చిప్‌నా, వెనకున్న నల్ల పట్టీనా? ఇది ప్రతి లావాదేవీ రికార్డులో ఉంటుంది. దాచడానికి లేదు. పట్టీ చదివి డబ్బు ఇచ్చిందంటే నకిలీ కార్డు అన్న అనుమానం గట్టిపడుతుంది. సీసీటీవీ మాత్రం మొదటి ఉత్తరంలోనే అడగడం మంచిది. ఆ రికార్డు ఎప్పటికీ ఉంచరు, కొన్నాళ్లకి చెరిగిపోతుంది. నేను రెండో ఉత్తరంలో అడిగించడం ఆలస్యమే అయింది, ఆ ఫుటేజీ మాకు రాలేదు.

53వ రోజున నలభై వేలు జమ అయ్యాయి. అక్క సంతోషపడి ఫోన్ చేసింది. నేను పాస్‌బుక్ ఫొటో పంపమన్నాను. జమ తారీఖు ఆ రోజుది వేశారు. నియమం ప్రకారం డబ్బు పోయిన తారీఖుకే జమ చూపించాలి, వడ్డీ నష్టపోకూడదు. లెక్కేస్తే రెండొందల చిల్లర. "పోనీలేరా" అంది అక్క. నేను ఒప్పుకోలేదు. మూడో ఉత్తరం రాయించాను. అదీ వచ్చింది. రెండొందల కోసం కాదు. నియమం మొత్తం ఆవిడకి వర్తించింది అనిపించాలి కదా.

ఇప్పుడు అన్ని కార్డులకీ చిప్ వచ్చింది. 2018 డిసెంబరు ఆఖరుకల్లా పట్టీ మాత్రమే ఉన్న పాత కార్డులు మార్చాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. నకిలీ కార్డు చేయడం కష్టమైంది. దొంగలు దారి మార్చారు. మన వయసువాళ్లకి ఎక్కువగా జరుగుతున్నది కార్డు మార్పిడి. ఒకటో తారీఖున ఏటీఎం దగ్గర రద్దీ. మీకు రసీదు రాలేదు. వెనకాల ఉన్న కుర్రాడు "అంకుల్, ఇలా ఇవ్వండి, నేను చూపిస్తా" అంటాడు. మీ కార్డు తీసుకుని, తుడిచి, మళ్లీ పెట్టి, మీరు పిన్ కొడుతుంటే చూసి, అదే రంగు కార్డు మీ చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. ఇంటికెళ్లాక కూడా తెలియదు. మెసేజ్‌లు మొదలయ్యాక చూస్తే కార్డు మీద ఇంకెవరి పేరో ఉంటుంది. కార్డు చేతికి రాగానే, బయటికి అడుగు పెట్టకముందే, దాని మీద పేరు చదవండి. అద్దాలు తీసుకెళ్లండి. ఎవరైనా చెయ్యి చాపితే "వద్దు బాబూ" అనండి, మొహమాటపడకండి.

ఇలా జరిగినప్పుడు బ్యాంకు మీ నిర్లక్ష్యం అంటుంది. అప్పుడు కూడా జరిగింది జరిగినట్టే రాయండి. పిన్ చెప్పలేదు, చూశాడు. కార్డు ఇవ్వలేదు, మార్చాడు. అక్కడ గార్డు ఉన్నాడో లేడో రాయండి. ఇంకో నియమం కూడా తెలుసుకోండి. మీ నిర్లక్ష్యమే అని తేలినా, మీరు బ్యాంకుకు చెప్పిన క్షణం తర్వాత పోయిన డబ్బు బ్యాంకుదే. కాబట్టి ఓటీపీ చెప్పేసినవాళ్లు కూడా సిగ్గుపడి ఇంట్లో దాచకండి. "మా కోడలికి తెలిస్తే ఏమంటుందో" అని రెండు రోజులు దాచి, ఆ రెండు రోజుల్లో ఖాతా మొత్తం ఖాళీ అయినవాళ్లని చూశాను. తప్పు జరిగినా ఒక్క ఫోన్ చేస్తే మిగిలిన డబ్బు దక్కుతుంది. ఉత్తరంలో అబద్ధం మాత్రం రాయకండి. ఓటీపీ చెప్పి చెప్పలేదని రాస్తే కాల్ రికార్డుల్లో అది బయటపడుతుంది. మిగతా నిజం కూడా ఎవరూ నమ్మరు.

బ్యాంకుకు చేసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ నేరాల హెల్ప్‌లైన్, దేశమంతటా ఒకటే నంబరు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి, అక్కణ్ణించి మరోదానికి దూకుతూ ఉంటుంది. అది ఎక్కడో ఒకచోట ఆగి ఉండగా మీ ఫిర్యాదు చేరితే ఆ బ్యాంకు దాన్ని అక్కడే నిలిపేస్తుంది. ఆలస్యమైతే ఎవరో నగదుగా తీసుకుని వెళ్లిపోతారు. మొదటి గంటకి ఉన్న విలువ రెండో రోజుకి ఉండదు. ఆ నంబరు ఇప్పుడే, ఇక్కడే, మీ ఫోన్లో ఎక్కించుకోండి. నేను ఆగుతాను, పర్లేదు.

ఎక్కించుకున్నారా? సరే.

"మెసేజ్ పంపాం, మీరు చూసుకోలేదు" అని కూడా కొందరు అంటారు. కేరళ హైకోర్టు 2019లో ఒక ఖాతాదారు కేసులో, మెసేజ్‌కి స్పందించలేదన్న కారణంతో బ్యాంకు బాధ్యత తప్పించుకోలేదని చెప్పింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఇంకొకటి. అస్సాంలో ఒకాయన ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు తిరిగిచ్చేద్దామనుకున్నారు. కస్టమర్ కేర్ అని చెప్పి ఒకడు ఫోన్ చేసి యాప్ వేయించాడు. 94 వేల పైచిలుకు పోయింది. ఆయన 24 గంటల్లోపే బ్యాంకుకు చెప్పారు. గౌహతి హైకోర్టు బ్యాంకుదే బాధ్యత అంది. జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్‌ల ధర్మాసనం ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. ఓటీపీల విషయంలో ఖాతాదారులు కూడా జాగ్రత్తగా ఉండాలని చెబుతూనే, ఇలాంటివి పట్టుకునే సాంకేతికత బ్యాంకు దగ్గర ఉంది కదా అని అడిగింది. ఆయన ఊరుకోకుండా వెంటనే చెప్పడం ఆయనకి ఎంత మేలు చేసిందో చూడండి.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే, ఇచ్చినా మీకు నచ్చకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారికి, రాయండి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఆ ఫిర్యాదు పెట్టడానికి సీఎంఎస్ అని వెబ్‌సైట్ ఉంది. ఆన్‌లైన్ రాకపోతే చండీగఢ్‌లో ఉన్న వాళ్ల కేంద్రానికి ఉత్తరం పంపొచ్చు. సందేహాలకి 14448 నంబరు ఉంది. కానీ ముందు బ్యాంకుకు రాసిచ్చినట్టు రుజువు అడుగుతారు. అక్కడ కూడా ఆ ఇన్‌వర్డ్ స్టాంపే కావాలి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ కూడా ఉంది.

నేను చెప్పాల్సింది ఇంతే. ఎవరైనా అడగండి.

(ఒకరు: మా ఖాతాకి మా అబ్బాయి నంబరే ఇచ్చామండి. వాడు డల్లాస్‌లో ఉంటాడు. మెసేజ్‌లన్నీ వాడికే వెళ్తాయి. ఏమైనా ఇబ్బందా?)

చాలా ఇబ్బందండీ. మంచి ప్రశ్న అడిగారు. మీ అబ్బాయి నిద్రలో ఉన్నప్పుడు ఇక్కడ డబ్బు పోతే, ఆయన లేచి చూసి మీకు చెప్పేసరికి సగం రోజు అవుతుంది. బ్యాంకు మాత్రం మెసేజ్ చేరిన రోజు నుంచే లెక్కేస్తుంది. రేపే బ్రాంచికి వెళ్లి మీ నంబరు పెట్టించండి. పాస్‌బుక్, ఆధార్ కార్డు పట్టుకెళ్లండి. ఈమెయిల్‌కి మీ అబ్బాయిది ఇవ్వండి, ఆయనకీ తెలుస్తూ ఉంటుంది. వెళ్లినప్పుడే కార్డుకి విదేశీ లావాదేవీలు, ఆన్‌లైన్ లావాదేవీలు ఆపించండి, మీరు వాడరు కదా. కొన్ని విదేశీ సైట్లలో ఓటీపీ లేకుండానే కార్డు నంబరుతో డబ్బు పోతుంది. యాప్‌లో మీరే ఆపుకోవచ్చు, రాకపోతే కౌంటర్‌లో చేయించుకోండి. పిన్ లేకుండా కార్డు తాకించి కట్టేది కూడా ఆపించండి. ఐదువేల వరకు అలా పోవచ్చు.

ఆ కిటికీ పక్కన అమ్మగారు చెయ్యెత్తారు. మైకు అటు ఇవ్వండి బాబూ.